ఆపరేషన్‌కి ముందు కడుపు సంగతి: ఏ మందు, ఎవరికి, ఎన్ని గంటలకు

ఆపరేషన్ తేదీ ఖరారయ్యాక పేషెంట్లు అడిగేవి ఎక్కువగా నొప్పి గురించి, మెలకువ ఎప్పుడొస్తుందన్న దాని గురించి. నేను మత్తు డాక్టర్‌ని కాబట్టి నా దృష్టి ముందు మీ కడుపు మీదకే పోతుంది. లోపల ఏముంది, ఎంత ఉంది, అందులో యాసిడ్ ఎంత? ఇవి తగ్గించడానికి మా చేతిలో రెండు దారులున్నాయి, ఒకటి ఉపవాసం, రెండోది మందులు. ఈ రెండూ ఒకటేననుకుని "గ్యాస్ మాత్ర వేసుకున్నాం కదా, కొంచెం తింటే ఏమవుతుందిలే" అనుకునేవాళ్ళు చాలామంది, ప్రమాదం అక్కడే మొదలవుతుంది. గ్యాస్ మాత్ర యాసిడ్‌ని తగ్గిస్తుందే తప్ప తిన్న అన్నాన్ని మాయం చెయ్యదు. ఈ తేడా మనసులో పెట్టుకుని చదివితే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

ఇందులో మోతాదులు కూడా రాశాను. మీకిస్తున్నది ఏమిటో, ఎందుకో మీకు తెలియడానికే రాశాను. వీటిలో ఏదీ సొంతంగా కొనుక్కుని వేసుకోకండి, మీ మత్తు డాక్టర్ చెబితేనే వేసుకోండి.

అసలు భయం దేనికి

మెలకువగా ఉన్నప్పుడు నీళ్ళు పొలమారితే కళ్ళలో నీళ్ళు తిరిగేంత దగ్గు వస్తుంది, ఆ దగ్గే మనల్ని కాపాడుతుంది. జనరల్ అనస్థీషియా (పూర్తిగా స్పృహ లేకుండా చేసే మత్తు) ఇచ్చాక ఆ దగ్గు ఉండదు. అన్నవాహిక అడుగున కడుపులోది పైకి రాకుండా బిగుసుకుని ఉండే కండరం కూడా సడలుతుంది. అప్పుడు కడుపులో ఉన్నది చప్పుడు లేకుండా గొంతులోకి ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి జారిపోవచ్చు, దీన్నే ఆస్పిరేషన్ అంటాం. గట్టి పదార్థమైతే గాలిగొట్టానికి అడ్డుపడుతుంది, యాసిడ్ అయితే ఊపిరితిత్తిని లోపల కాల్చినట్టు దెబ్బతీస్తుంది. ఆరోగ్యంగా ఉండి, చెప్పినట్టు పరగడుపున వచ్చినవాళ్ళలో ఇది అరుదు, కొన్ని వేల మందిలో ఒకరికి జరుగుతుంది. అర్జెంటు ఆపరేషన్లలో అంతకంటే ఎక్కువ.

ఈ విషయాన్ని గట్టిగా బయటపెట్టింది న్యూయార్క్‌లో కాన్పుల డాక్టర్‌గా పనిచేసిన కర్టిస్ మెండెల్సన్. 1946లో ఆయన 44,016 కాన్పుల వివరాలు తిరగేసి, మత్తులో ఉండగా కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోయినవాళ్ళు 66 మంది ఉన్నారని రాశారు. వాళ్ళలో ఇద్దరు చనిపోయారు, ఇద్దరికీ గట్టి ఆహారం అడ్డుపడి ఊపిరాడలేదు. ఆయన అక్కడితో ఆగకుండా కుందేళ్ళ ఊపిరితిత్తుల్లోకి యాసిడ్ ఉన్న ద్రవాన్ని, యాసిడ్ గుణం తీసేసిన ద్రవాన్ని విడివిడిగా పంపి చూశారు. మొదటి రకానికి ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిన్నాయి, రెండో రకానికి కుందేళ్ళు త్వరగానే తేరుకున్నాయి. ఇవాళ మేం ఇచ్చే యాసిడ్ మందుల వెనకున్న ఆలోచనకి మూలం ఆ ప్రయోగమే.

పుస్తకాల్లో ఏళ్ళుగా ఒక హద్దు కనిపిస్తుంది: కడుపు రసం పీహెచ్ (యాసిడ్‌ని కొలిచే అంకె, ఇది తగ్గేకొద్దీ యాసిడ్ ఎక్కువని అర్థం) 2.5 కంటే తక్కువై, పరిమాణం 25 మిల్లీలీటర్లు దాటితే ప్రమాదం అని. అది 1970ల్లో కోతి మీద చేసిన చిన్న ప్రయోగం నుంచి లెక్కగట్టిన అంకె. దానికి అటువైపు ఉంటే క్షేమం, ఇటువైపు ఉంటే ప్రమాదం అని గీత గీయలేం. ఎంత తక్కువ ఉంటే, యాసిడ్ ఎంత పలచబడితే అంత మంచిదన్నంత వరకు పనికొస్తుంది. ఇంకో మాట, ఎంతసేపు పస్తున్నా కడుపు ఎండిపోదు. రోజుకి రెండు లీటర్ల వరకు జఠర రసం ఊరుతూనే ఉంటుంది, దానికి తోడు మింగే ఉమ్ము.

మొదటి స్టెప్: చెకప్ రోజునే దాచకుండా చెప్పండి

మందు ఎవరికి అవసరమో తేలేది ఇక్కడే. పడుకుంటే పుల్లటి నీళ్ళు గొంతులోకి వస్తాయా, వస్తే వారానికి ఎన్నిసార్లు? మందు వేసుకుంటున్నా వస్తున్నాయా? షుగర్ ఎన్నేళ్ళ నుంచి ఉంది, కొంచెం తినగానే కడుపు నిండిపోయినట్టు అనిపిస్తుందా, ముందురోజు తిన్నది మర్నాడు వాంతిలో కనిపించిందా? షుగర్ పాతబడినకొద్దీ కడుపుని కదిలించే నరాలు మందగిస్తాయి, అలాంటివాళ్ళకి ఎనిమిది గంటలు పస్తుంచినా లోపల అన్నం ఉండిపోవచ్చు. హయాటస్ హెర్నియా (కడుపు పైభాగం ఛాతీలోకి జారడం) ఉందని ఎప్పుడైనా చెప్పారా, కడుపుకో అన్నవాహికకో ఇంతకుముందు ఆపరేషన్ అయిందా, కిడ్నీ జబ్బు ఉందా, నొప్పికి మార్ఫిన్, ట్రమడాల్ లాంటివి వాడుతున్నారా (ఇవి కడుపుని బాగా నెమ్మదింపజేస్తాయి), గర్భం ఉందా అన్నవన్నీ చెప్పండి.

బరువు తగ్గడానికో షుగర్‌కో వారానికొకసారి ఇంజెక్షన్ తీసుకుంటుంటే దాన్ని మాత్రం అడక్కపోయినా చెప్పాలి. సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్, డులాగ్లుటైడ్ అనే మందులివి, లిరాగ్లుటైడ్ కూడా ఇదే రకం, కాకపోతే రోజూ తీసుకునేది. చాలామంది వీటిని మందుల లెక్కలోనే వెయ్యరు, "టాబ్లెట్లేమైనా వాడుతున్నారా" అంటే లేదనేస్తారు, నిజమే మరి, అది ఇంజెక్షన్ కదా. ఇవి ఆకలిని తగ్గించే దారుల్లో ఒకటి కడుపు ఖాళీ అవడాన్ని ఆలస్యం చెయ్యడం. 2023 జూన్‌లో అమెరికా అనస్థీషియా డాక్టర్ల సంఘం వారపు ఇంజెక్షన్‌ని ఆపరేషన్‌కి వారం ముందు, రోజువారీ మందుని ఆ రోజు ఆపమని సూచించింది. 2024 అక్టోబర్‌లో ఆ సంఘమూ, మరికొన్ని డాక్టర్ల సంఘాలూ కలిసి ఇచ్చిన కొత్త సూచన కొంచెం మారింది: ఎక్కువమంది ఆపాల్సిన పన్లేదు, కానీ మందు కొత్తగా మొదలుపెట్టి డోసు పెంచుతున్నవాళ్ళు, పెద్ద డోసులో ఉన్నవాళ్ళు, వికారం, వాంతులు, కడుపుబ్బరం ఉన్నవాళ్ళు జాగ్రత్తపడాలి. అలాంటివాళ్ళని ముందురోజు 24 గంటలూ ద్రవాహారం మీదే ఉంచడం, ఆపరేషన్ పొద్దున అల్ట్రాసౌండ్‌తో కడుపు చూడడం చేస్తారు. సెమాగ్లుటైడ్ ఒంట్లో సగానికి తగ్గడానికే సుమారు వారం పడుతుంది కాబట్టి ముందురోజు గుర్తొచ్చి ఆపితే లాభం లేదు. షుగర్ కోసం వాడుతున్నవాళ్ళు తమంతట తాము ఆపనూ కూడదు. అందుకే తేదీ ఇచ్చిన రోజే అడగమంటాను.

రెండో స్టెప్: ఉపవాసం, గంటల లెక్కలో

ఏ మందూ దీని స్థానంలోకి రాదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి చాలా దేశాల్లో పాటించే లెక్క ఇది: వేపుళ్ళు, కొవ్వు పదార్థాలు, మాంసం తింటే 8 గంటలు, తేలికపాటి ఆహారం, పాలు, పాలపొడి కలిపిన పాలు అయితే 6 గంటలు, తల్లిపాలు 4 గంటలు, అవతల వైపు కనిపించేంత తేటగా ఉన్న ద్రవాలు 2 గంటలు. తేట ద్రవాలంటే నీళ్ళు, గుజ్జులేని వడకట్టిన రసం, పాలు కలపని టీ, కాఫీ. చుక్క పాలు పోస్తే అది వేరే లెక్కలోకి వెళ్తుందనుకోండి. మద్యం తేటగా ఉన్నా ఈ జాబితాలోకి రాదు. పిల్లల విషయంలో యూరప్ అనస్థీషియా సంఘం 2022లో తేట ద్రవాలకి గంట చాలని చెప్పింది, మీ ఆసుపత్రిలో ఏది పాటిస్తే అదే పాటించండి.

ఇక్కడ ఇంకో రకం పొరపాటు జరుగుతుంది, అతి ఉపవాసం. "రాత్రి పన్నెండు తర్వాత చుక్క నీళ్ళు కూడా తాగొద్దు" అనే మాట ఇంకా చాలాచోట్ల వినిపిస్తూనే ఉంది. మధ్యాహ్నం ఆపరేషన్ ఉన్నవాళ్ళు కూడా రాత్రి నుంచి నాలుక పిడచగట్టుకుపోయేలా ఉంటే కడుపు అదనంగా ఖాళీ అయ్యేదేం లేదు. తాగిన నీళ్ళలో సగం 10 నుంచి 20 నిమిషాల్లోనే కడుపు దాటిపోతాయి. పైగా ఒంట్లో నీరు తగ్గితే మత్తు ఇవ్వగానే బీపీ పడిపోతుంది, తలనొప్పి, వికారం ఎక్కువవుతాయి, ఇంజెక్షన్‌కి నరం దొరకదు, పిల్లలైతే ఏడ్చి ఏడ్చి నీరసపడిపోతారు. కాబట్టి "నీళ్ళు ఎన్ని గంటల వరకు తాగొచ్చు?" అని విడిగా అడిగి, గడియారం టైమ్ రాయించుకోండి.

కడుపు నెమ్మదిగా కదిలే జబ్బులున్నవాళ్ళకి ఈ గంటలు సరిపోవు, వాళ్ళకి ఎంతో డాక్టరే చెబుతారు.

మూడో స్టెప్: మందు మీకు కావాలా వద్దా

అందరికీ అక్కర్లేదు. ఏ రిస్కూ లేని మనిషికి అలవాటుగా గ్యాస్ మందు, వాంతుల మందు రాసెయ్యమని అమెరికా సంఘం మార్గదర్శకాలు చెప్పవు, రొటీన్‌గా వద్దనే చెబుతాయి. యాసిడ్ తగ్గుతుందని రుజువుంది, కానీ మామూలు మనుషుల్లో అందువల్ల ఆస్పిరేషన్లు తగ్గాయని రుజువు లేదు, అది ఎలాగూ అరుదే కాబట్టి. మొదటి స్టెప్‌లో చెప్పిన ఇబ్బందులున్నవాళ్ళకి, సిజేరియన్‌కి వెళ్ళేవాళ్ళకి, తిన్న కడుపుతోనే అర్జెంటుగా ఆపరేషన్ చెయ్యాల్సినవాళ్ళకి ఇవ్వడంలో అర్థముంది. గర్భిణులకి ఎందుకంటే, గర్భంలో పెరిగే ప్రొజెస్టిరాన్ వల్ల అన్నవాహిక కండరం సడలుతుంది, పెరిగిన గర్భసంచి కడుపుని పైకి నెడుతుంది, నొప్పులు మొదలయ్యాక కడుపు ఖాళీ అవడం నెమ్మదిస్తుంది.

ముందునుంచే రోజూ గ్యాస్ మాత్ర వేసుకునేవాళ్ళు ఆపరేషన్ పొద్దున కూడా గుక్కెడు నీళ్ళతో దాన్ని వేసుకోవడమే మంచిది, ఎక్కువమందికి మేం అదే చెబుతాం. మంట అనిపించిందని సీసాలో ఉండే తెల్లటి చిక్కటి యాంటాసిడ్ సిరప్ మాత్రం తాగొద్దు. అందులో అల్యూమినియం, మెగ్నీషియం నలుసులుంటాయి, అవి ఊపిరితిత్తుల్లోకి పోతే యాసిడ్ చేసినంత పనీ చేస్తాయి.

నాలుగో స్టెప్: ఏ మందు ఏం చేస్తుంది

ఫామోటిడిన్. యాసిడ్ తయారీకి సంకేతమిచ్చే హిస్టమిన్‌ని అడ్డుకుంటుంది. మాత్రగా అయితే ఆపరేషన్‌కి ఒకటిన్నర, రెండు గంటల ముందు, నరానికి 20 మిల్లీగ్రాములు ఇస్తే అరగంటలో పని మొదలుపెడుతుంది, ప్రభావం పది పన్నెండు గంటలుంటుంది. కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్ళకి డోసు తగ్గించాలి. ఇంతకుముందు ఈ పనికి రానిటిడిన్ ఎక్కువగా వాడేవాళ్ళు. అందులో ఎన్‌డీఎంఏ అనే కలుషితం (క్యాన్సర్ తెచ్చే అవకాశమున్న పదార్థం) కాలంతో పాటు పెరుగుతోందని తేలాక 2020 ఏప్రిల్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని మార్కెట్ నుంచి తీసెయ్యమంది.

పాంటొప్రజోల్, ఒమెప్రజోల్. ఇవి బలమైనవే, కానీ చివరి నిమిషానికి పనికొచ్చేవి కావు. యాసిడ్‌ని బయటికి తోసే పంపుల్లో ఆ సమయానికి పనిచేస్తున్నవాటినే ఇవి మూసేస్తాయి, కాబట్టి ఒక్క డోసుతో పూర్తి ఫలితం రాదు. ముందురోజు రాత్రి ఒకటి, పొద్దున ఒకటి ఇస్తే బాగా పనిచేస్తాయి. ఒకే డోసుకి మాత్రమే టైమ్ ఉంటే ఫామోటిడిన్ రకమే నయం, మాత్ర ఖరీదైనదా కొత్తదా అన్నదాన్ని బట్టి ఎంచుకోకూడదు.

వీటిలో ఏదైనా సరే, ఇకపై ఊరే యాసిడ్‌నే తగ్గిస్తుంది. అప్పటికే కడుపులో ఉన్న యాసిడ్‌ని ఏమీ చెయ్యదు. దానికోసం వాడేది సోడియం సిట్రేట్. నలుసులు లేని తేట ద్రవం, 0.3 మోలార్ గాఢతలో 30 మిల్లీలీటర్లు, అంటే చిన్న మందు కప్పుతో ఒకే గుక్క. ఉప్పగా, పుల్లగా, తాగగానే మొహం ముడుచుకునేలా ఉంటుంది. కొంతమందికి వికారం కూడా వస్తుంది. అయినా సిజేరియన్ టేబుల్ దగ్గర మేం దీన్నే నమ్ముకుంటాం, ఎందుకంటే కడుపులో పడగానే ఉన్న యాసిడ్‌తో కలిసి దాన్ని చల్లారుస్తుంది. దీని బలం అరగంట నుంచి గంట లోపే. కాబట్టి వార్డులో తాగించి, థియేటర్ ఖాళీ లేక గంటన్నర కూర్చోబెడితే తాగించినా తాగించనట్టే. ఆలస్యమైతే "ఇది తాగి ఇంతసేపైంది" అని మీరే గుర్తుచెయ్యండి, ఎవరూ ఏమీ అనుకోరు.

మెటోక్లోప్రమైడ్. ఇది యాసిడ్ జోలికి పోదు. కడుపుని పేగుల వైపు కదిలిస్తుంది, అన్నవాహిక కండరాన్ని కాస్త బిగిస్తుంది. నరానికి 10 మిల్లీగ్రాములు, ఒకటి రెండు నిమిషాలపాటు నెమ్మదిగా ఎక్కించాలి. గబుక్కున ఎక్కిస్తే మనిషికి ఒక్కసారిగా భరించలేని ఆందోళన, లేచి పారిపోవాలన్నంత అస్థిమితం వస్తుంది. ఆపరేషన్ టెన్షన్ అని పొరపడే అవకాశం ఉంది కాబట్టి, ఇంజెక్షన్ చేస్తుండగా అలా అనిపిస్తే వెంటనే చెప్పండి. కొందరిలో, ముఖ్యంగా చిన్నవయసువాళ్ళలో, మెడ ఒకవైపు తిరిగిపోయి కనుగుడ్లు పైకి లాగేసినట్టవుతుంది, చూసేవాళ్ళకి భయంగా ఉన్నా విరుగుడు ఇంజెక్షన్‌తో తగ్గిపోతుంది. పేగు మూసుకుపోయినవాళ్ళకి, పేగుకో కడుపుకో చిల్లు పడినవాళ్ళకి, పార్కిన్సన్స్, మూర్ఛ ఉన్నవాళ్ళకి, ఫియోక్రోమోసైటోమా అనే అడ్రినల్ గడ్డ ఉన్నవాళ్ళకి ఇది ఇవ్వకూడదు. మార్ఫిన్ లాంటివి ముందే ఇచ్చి ఉంటే దీని బలం సగం పోతుంది, అట్రోపిన్ అనే మందు కూడా దీనికి ఎదురు పనిచేస్తుంది.

ఎరిత్రోమైసిన్ యాంటీబయాటిక్‌గా అందరికీ తెలుసు, నరానికి ఒంటి బరువులో కిలోకి 3 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తే కడుపుని గట్టిగా పిండినట్టు కదిలిస్తుంది. ఎండోస్కోపీలో రక్తం గడ్డలు తొలగడానికీ, అప్పుడప్పుడు అర్జెంటు కేసుల్లోనూ వాడతారు. ఈసీజీలో క్యూటీ (గుండె లయకి సంబంధించిన ఒక కొలత) ఎక్కువున్నవాళ్ళకి వద్దు. ఆండాన్సెట్రాన్ వాంతుల మందే కానీ కడుపుని ఖాళీ చెయ్యడంలో దాని పాత్ర లేదు.

అయిదో స్టెప్: గంటల వరసలో పెట్టుకోండి

గుండెల్లో మంట బాగా ఉన్న మనిషికి ఉదయం 9 గంటలకి ఆపరేషన్ అనుకుందాం. ముందురోజు రాత్రి తేలికగా, పెందలాడే తినెయ్యాలి. పడుకునేముందు డాక్టర్ రాసిన పాంటొప్రజోల్ గానీ ఫామోటిడిన్ గానీ ఒకటి. పొద్దున ఏడింటికి రెండో డోసు గుక్కెడు నీళ్ళతో, దాంతోపాటు బీపీ మాత్రలాంటివి వేసుకోమని ఉంటే అవీ. ఏడు వరకు దాహమైతే నీళ్ళు, ఆ తర్వాత ఏమీ వద్దు. ఎనిమిదిన్నర ప్రాంతంలో, అవసరమనుకుంటే, నెమ్మదిగా మెటోక్లోప్రమైడ్. రిస్కు ఎక్కువైతే తొమ్మిదికి పదిపదిహేను నిమిషాల ముందు సిట్రేట్ కప్పు. మీకు రాసిచ్చిన చీటీ ఇలాగే ఉండాలని లేదు, కానీ చీటీలో మందు పేరు పక్కన టైమ్ లేకపోతే రాయించుకోండి. ఆపరేషన్ మధ్యాహ్నానికి మారితే ఈ గంటలన్నీ మారతాయి, నీళ్ళు ఎప్పటివరకన్నది మళ్ళీ అడగండి.

పొరపాటున ఏదైనా తిన్నా తాగినా ఏమిటో, ఎన్ని గంటలకో, ఎంతో చెప్పండి. తిడతారనో వాయిదా పడుతుందనో దాచేవాళ్ళున్నారు. వాయిదా పడ్డ ఆపరేషన్ రేపు చేసుకోవచ్చు. పిల్లల దగ్గర ఉన్నవాళ్ళు జేబులు, మంచం పక్కన సంచి కూడా చూసుకోవాలి, ఆకలేసిన పిల్లాడు ఏం నోట్లో వేసుకున్నాడో వాడే చెప్పడు. చూయింగ్ గమ్ ఉంటే మింగకుండా ఉమ్మేసి, ఆ సంగతీ చెప్పండి.

ఆరో స్టెప్: టైమ్ లేనప్పుడు

ప్రమాదాలు, పేగు మూసుకుపోవడం, అర్జెంటు సిజేరియన్. ఇక్కడ గంటల లెక్క పనిచెయ్యదు. తిన్న గంటకి కింద పడి చెయ్యి విరిగిన పిల్లాడికి ఆరు గంటలు ఆగినా కడుపు నిండుగానే ఉండొచ్చు, దెబ్బ తగిలి నొప్పి మొదలయ్యేసరికి కడుపు కదలిక చాలావరకు ఆగిపోతుంది. అందుకే మేం తిన్నప్పటి నుంచి ఇప్పటిదాకా కాక, తిన్నప్పటి నుంచి దెబ్బ తగిలేవరకు ఎంత టైమ్ ఉందో అడుగుతాం.

ఇలాంటప్పుడు నరానికి ఫామోటిడిన్, టేబుల్ దగ్గర సిట్రేట్ ఇవ్వొచ్చు. పేగు మూసుకుపోయినవాళ్ళకి కదలిక పెంచే మందు కీడు చేస్తుంది కాబట్టి ముక్కు గొట్టం వేసి కడుపులోది బయటికి లాగుతాం, అసౌకర్యంగా ఉన్నా దాన్ని పీకెయ్యకండి. అనుమానం ఉంటే బొడ్డుకి పైన అల్ట్రాసౌండ్ పెట్టి చూస్తాం. ఖాళీ కడుపు చివరి భాగం చిన్న గుండ్రటి వలయంలా, నీళ్ళుంటే నల్లగా ఉబ్బి, అన్నం ఉంటే మసకమసకగా గింజలు గింజలుగా కనిపిస్తుంది. తేట ద్రవం కిలోకి 1.5 మిల్లీలీటర్ల కంటే తక్కువుంటే మామూలు పరగడుపు కింద లెక్క, అన్నం కనిపిస్తే నిండు కడుపే.

నిండు కడుపుతో తప్పదంటే, వీలైతే వెన్నుకి మత్తిచ్చి మనిషిని మెలకువగా ఉంచుతాం. జనరల్ తప్పనిసరైతే ముందు మాస్కుతో ఆక్సిజన్ బాగా పీల్పించి, మత్తు, కండరాలు వదులు చేసే మందు వెంటవెంటనే ఇచ్చి, నిమిషం లోపే గాలిగొట్టంలో ట్యూబు వేసేస్తాం. ఆ సమయంలో ఎవరో మీ గొంతు మీద రెండు వేళ్ళతో నొక్కినట్టు అనిపించవచ్చు, అది 1961లో సెలిక్ అనే డాక్టర్ చెప్పిన పద్ధతి, దాని ఉపయోగం మీద ఇప్పటికీ వాదన నడుస్తోంది కాబట్టి అందరూ చెయ్యరు.

ఆపరేషన్ అయ్యాక

పూర్తిగా తెలివొచ్చి, అడిగినదానికి సరిగా జవాబు చెప్పి, నర్సు సరేనన్నాకే మొదటి గుక్క, అదీ తల ఎత్తిపెట్టి. మత్తులోకి వెళ్ళేటప్పుడో లేచేటప్పుడో కడుపులోది పైకొచ్చిందని అనుమానం ఉంటే ఆక్సిజన్, దగ్గు, ఆయాసం గమనిస్తూ కాసేపు ఎక్కువ ఉంచుతారు, రెండు గంటలపాటు ఏ లక్షణమూ లేకపోతే తర్వాత పెద్ద ఇబ్బంది వచ్చే అవకాశం తక్కువ. ఇంటికెళ్ళాక దగ్గు, ఆయాసం, జ్వరం మొదలైతే ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి. ఇల్లు చేరాక మెడ పట్టేసినట్టో, కాళ్ళు కుదురుగా పెట్టలేనట్టో అనిపించినా అంతే, ఆ రోజు మెటోక్లోప్రమైడ్ ఇచ్చారని అక్కడి డాక్టర్‌కి చెబితే విరుగుడు ఇంజెక్షన్ వెంటనే ఇవ్వగలుగుతారు.